నెమ్ముకి మందు పడినా బిడ్డకి జ్వరం దిగకపోతే ఏం చేయాలి

ఎక్స్‌రేలో నెమ్ము కనబడింది, యాంటీబయాటిక్ మొదలైంది. మామూలుగా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగాలి. మా వాడికి మూడేళ్లప్పుడు దిగలేదు. కళ్లు ఎర్రబడితే ఇంట్లో 'వేడి చేసింది' అని కొబ్బరినీళ్లు పట్టారు, ఒంటి మీద దద్దు లేస్తే మందు పడలేదన్నారు. అన్నిటికీ తలా ఒక కారణం దొరికింది, అన్నీ ఒకటే జబ్బు అని మాత్రం ఎవరికీ తట్టలేదు.

అది కవాసాకి. 1967లో జపాన్ డాక్టర్ టొమిసాకు కవాసాకి మొదట రాసిన జబ్బు, ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. రక్తనాళాలు వాస్తాయి, అసలు భయం గుండెకి రక్తం ఇచ్చే నాళాల గురించి. మైకోప్లాస్మా (నెమ్ము తెచ్చే ఒక బ్యాక్టీరియా) లాంటి ఇన్ఫెక్షన్‌తో పాటు కూడా రావచ్చు, కాబట్టి నెమ్ము ఉంది కదా అని దీన్ని కొట్టిపారేయకూడదు.

మొదటి రోజు నుంచీ జ్వరం ఎంత, ఎన్ని గంటలకి అన్నది క్యాలెండర్ మీదే రాయండి. రోజూ పగటి వెలుతురులో ఫొటోలు తీయండి, ఎందుకంటే లక్షణాలు ఒకేసారి కనబడవు, ఒకటి తగ్గాక ఇంకోటి వస్తుంది: పుసులు లేని ఎర్ర కళ్లు, పగిలి రక్తం కారే పెదాలు, స్ట్రాబెరీలా నాలుక, మెడలో ఒకవైపు గడ్డ, చెప్పులు పట్టనంతగా వాచిన పాదాలు. చంటిపిల్లలకైతే భుజం మీద బీసీజీ మచ్చ ఎర్రబడిందేమో చూడండి. ఆరు నెలల్లోపు వాళ్లలో లక్షణాలు సరిగ్గా బయటపడవు, ప్రమాదం మాత్రం ఎక్కువ. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా ఇవేవీ రాస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఐదో రోజుకీ జ్వరం ఉంటే మొహమాటం లేకుండా "కవాసాకి అయ్యుండొచ్చా సార్?" అని అడగండి. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ, ఈఎస్ఆర్, ప్లేట్‌లెట్లు అనే రక్త పరీక్షలు, గుండెకి టూడీ ఎకో అనే స్కానింగ్ చేస్తారు. మొదటి ఎకో బాగున్నంత మాత్రాన జబ్బు లేదని కాదు.

దీనికి మందు ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు), బిడ్డ బరువులో కిలోకి 2 గ్రాములు, అంటే 12 కిలోల బిడ్డకి 24 గ్రాములు, 10-12 గంటల పాటు సెలైన్‌లా ఎక్కిస్తారు. జ్వరం మొదలైన 10 రోజుల్లోపే పడాలి. వైద్యం అందకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి గుండె నాళాలు ఉబ్బుతాయి. ఖరీదైన మందు, డబ్బుకి ఇబ్బందైతే రిపోర్టులన్నీ పట్టుకుని హైదరాబాద్‌లోని పిల్లల ప్రభుత్వాసుపత్రి నిలోఫర్‌లో అడిగి చూడండి.

డిశ్చార్జ్ అయ్యాక కొన్ని వారాలు ఆస్పిరిన్ ఉంటుంది. మధ్యలో జ్వరమొస్తే సొంతంగా ఐబుప్రొఫెన్ పోయకండి. ఇంట్లో ఎవరికైనా ఫ్లూ, ఆటలమ్మ వస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాక ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు 11 నెలలు ఆపాలి, టీకా కార్డు మీద పెద్దక్షరాలతో రాసుకోండి.

రెండో వారం దాటాక వేళ్ల చివర తోలు పొరలుగా ఊడుతుంది. చూస్తే గుండె జారుతుంది కానీ నొప్పేం ఉండదు, మా వాడు లిఫ్ట్‌లో ఎక్కినవాళ్లందరికీ చూపించాడు. రెండో వారంలో ఒక ఎకో, ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఇంకో ఎకో ఉంటాయి, పిల్లాడు గెంతులేస్తున్నా సరే వాటిని మానకండి.