పాత సామాను బేరం: టెంపో మాట్లాడకముందే ధర తేల్చుకోండి

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు అద్దె ఇళ్లు ఖాళీ చేసే మనవాళ్లు ఫ్రిజ్‌లు, మంచాలు ఓఎల్ఎక్స్‌లోనో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనో అమ్మకానికి పెడుతుంటారు. వాటిని కొనేవారు "లాస్ట్ ఎంత?" అని ఒక్క ముక్కతో మొదలుపెట్టకుండా, ఎన్నేళ్లు వాడారో, బిల్లు ఉందో లేదో, దింపడానికి లిఫ్టు ఉందో లేదో కనుక్కొని, ఆ తర్వాత తమ ధర చెప్పడం మర్యాద. 9,000 రూపాయలు చెప్పిన ఫ్రిజ్‌ను 7,500కు అడుగుతున్నప్పుడు, "డోర్ రబ్బరు వదులైనట్టుంది, మార్పించుకోవాలండీ, టెంపో ఖర్చు కూడా నాదే కదా" అని కారణం చెబితే అమ్మేవారికీ ఆలోచించడానికి వీలుంటుంది.

ఫోన్‌లో ఒప్పుకున్న ధరను, టెంపోను గుమ్మం ముందు నిలబెట్టి మళ్లీ తగ్గించమనడం మాత్రం అన్యాయమే, ఎందుకంటే మర్నాడే తాళాలు అప్పగించాల్సిన మనిషి కాదనలేడు. ముందు చెప్పని లోపం అక్కడ బయటపడితే అది వేరే సంగతి. అప్పుడు నిస్సంకోచంగా అడగవచ్చు.

అమ్మేవారు కూడా ఒకరికి మాట ఇచ్చాక, వెయ్యి ఎక్కువ ఇస్తానన్న మరొకరి వైపు మొగ్గకూడదు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు కాబట్టి, అడ్వాన్సు పంపుతున్నాను, పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే ఆ బేరాన్ని అక్కడే వదిలేయండి.