పేడతో చేపల చెరువులో సహజ ఆహారం పెంచే విధానం

చెరువులో వేసే పేడ చేపలకు మేత కాదు, నీటికి ఎరువు. పేడ కుళ్లినప్పుడు వెలువడే నత్రజని, భాస్వరాలను తీసుకొని ఎండ తగిలిన నీటిలో వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలే అతి సూక్ష్మమైన మొక్కలు, పెరుగుతాయి. వాటిని తిని జంతు ప్లవకాలు, అంటే నీటిలో తేలే చిన్న జీవులు, వృద్ధి చెందుతాయి. పైనీటిలో తిరిగే బొచ్చె ముఖ్యంగా జంతు ప్లవకాలను, మధ్యనీటిలోని శీలావతి వృక్ష ప్లవకాలను, అడుగున మేసే ఎర్రమోసు కుళ్లిన సేంద్రియ పదార్థాన్ని తింటాయి. అందుకే కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో మాదిరిగా వీటిని కలిపి పెంచే చెరువులకు పేడ ఎంతో మేలు చేస్తుంది.

ముందుగా చెరువును ఎండగట్టి, మట్టి పరీక్షను బట్టి ఎకరాకు సుమారు 80 నుంచి 100 కిలోల సున్నం చల్లాలి. వారం గడిచాక, చేపపిల్లలను వదలడానికి 15 రోజుల ముందు, ఎకరాకు 800 కిలోల పచ్చిపేడ వేయాలి. ఏడాది మొత్తానికి ఎకరాకు 4 టన్నులు సరిపోతుంది కాబట్టి, మిగిలినదాన్ని పదిహేను రోజులకోసారి సుమారు 150 కిలోల చొప్పున సర్దుకోవాలి. కోళ్ల ఎరువులో పోషకాలు ఎక్కువ గనుక పేడ మోతాదులో మూడో వంతు నుంచి సగం వరకు వేస్తే చాలు. ఏ ఎరువైనా గట్టు పక్కన కుప్పగా పోస్తే అక్కడే కుళ్లి అడుగు చెడుతుంది. డ్రమ్ములో నీళ్లతో పలచగా కలిపి, ఎండ కాసే ఉదయం పూట చెరువంతా చల్లడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి పద్ధతి.

అయితే ఈ లెక్కలకన్నా నీటి రంగునే ఎక్కువగా నమ్మాలి. ఎండ బాగా ఉన్నప్పుడు చేతిని నిటారుగా నీటిలోకి దించుతూ అరచేతిని గమనించండి. మోచేయి మునిగే సమయానికి అరచేయి కనుమరుగైతే ప్లవకాలు తగినంత ఉన్నట్టే. మోచేయి దాటినా వేళ్లు స్పష్టంగా కనిపిస్తే ఎరువు వేయాలి. మణికట్టు దాటగానే అరచేయి మాయమైతే ఆపాలి. బురద వల్ల మసకబారిన నీటికి ఈ పరీక్ష పనికిరాదు. గాజు గ్లాసులో నీటిని ముంచి వెలుగుకు పట్టి చూస్తే, తెల్లని నలుసుల్లా గెంతుతూ కదిలే జంతు ప్లవకాలు కంటికే కనిపిస్తాయి.

ముసురు పట్టిన రోజుల్లో ఎరువు వేయకూడదు. ఎండ లేక వృక్ష ప్లవకాలు ఆక్సిజన్‌ను తగినంత తయారుచేయలేవు, పేడ కుళ్లడానికేమో అది ఖర్చవుతూనే ఉంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వెంటనే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాలి, లేదా కొత్తనీరు పెట్టాలి. చేపలు తేరుకొని, నీటి రంగు పలచబడేదాకా మళ్లీ పేడ జోలికి వెళ్లకూడదు.