జ్ఞాన దంతం తీయించుకునే ముందు: బిల్లులో కనిపించని ఖర్చులు

పోయిన ఏడాది నా కింది దవడలో అడ్డంగా పెరిగిన జ్ఞాన దంతం తీయించుకున్నాను. క్లినిక్‌లో చెప్పింది 7,000 రూపాయలు. పది రోజుల తర్వాత లెక్క చూసుకుంటే 17,000 దాటింది. ఇందులో ఎవరూ మోసం చేసింది లేదు. వాళ్లు పన్ను తీసే పనికి మాత్రమే ధర చెప్పారు, ఆ తర్వాతి రోజుల గురించి నేను అడగలేదు. మీరు ముందే అడగాలని ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఈ పన్ను ఇప్పుడు తీయాల్సిందేనా అని అడగండి. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ, ఏ ఇబ్బందీ పెట్టని జ్ఞాన దంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని 2000లోనే చెప్పింది. చిగురు మాటిమాటికీ వాచడం, పక్క పన్ను పుచ్చడం, చీము పట్టడం లాంటివి ఉంటే మాత్రం వాయిదా వేయకండి. వయసు పెరిగే కొద్దీ ఎముక గట్టిపడుతుంది, కోలుకోవడం ఆలస్యమవుతుంది.

తీయాలని తేలాక ఖర్చు విడివిడిగా రాసివ్వమనండి. దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే ధరలో కలిసి ఉందా? పన్ను వేరు కింది దవడ నరానికి దగ్గరగా ఉంటే పన్నును, నరాన్ని త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ కూడా తీయమంటారు, నాకు దానికే 2,500 అయింది. స్కాన్ అనవసరం అనుకోకండి. ఆ నరం దెబ్బతింటే పెదవి, గడ్డం వారాలో నెలలో మొద్దుబారి ఉండొచ్చు. అరుదే, కానీ కొందరికి అలాగే ఉండిపోతుంది. కుట్లు కరిగిపోయేవా, విప్పించుకోవాల్సినవా? విప్పాలంటే దాదాపు వారం తర్వాత ఇంకోసారి వెళ్లాలి. ఆ రోజు ఫీజు ఉంటుందా? తర్వాత నొప్పి వచ్చి డ్రెస్సింగ్ చేయించుకోవాల్సి వస్తే ఎంత? ఈ చివరి ప్రశ్న అడగకే నేను నష్టపోయాను.

ఆ డ్రెస్సింగ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకడుతుంది, కింద ఎముకకు అదే మూత. అది ఊడిపోయినా, ముందే కరిగిపోయినా ఎముక బయటపడుతుంది. దీన్ని డ్రై సాకెట్ అంటారు. నాకు రెండో రోజు నొప్పి తగ్గింది, హమ్మయ్య అనుకున్నాను. మూడో రోజు రాత్రి నొప్పి చెవిదాకా పాకింది, నోట్లో చెడు వాసన, మాత్ర వేసుకున్నా నిద్ర లేదు. గుంతను కడిగి మందు పెట్టించుకోవడానికి రోజు విడిచి రోజు మూడుసార్లు వెళ్లాను, వెళ్లిన ప్రతిసారీ 600. ఆటో ఖర్చు వేరే. ముఖం వాచి ఉంటే హెల్మెట్ తలకెక్కదు, అందుకే బండి తీయలేకపోయాను.

ఆ గడ్డను కాపాడుకోవడానికి పైసా ఖర్చు లేదు. దూది ప్యాడ్‌ను డాక్టర్ చెప్పినంత సేపు, మామూలుగా అరగంట నుంచి ముప్పావుగంట, గట్టిగా కొరికి పట్టుకోండి. 24 గంటలు ఉమ్మకండి, పుక్కిలించకండి. కొబ్బరిబోండమైనా సరే, స్ట్రాతో తాగొద్దు. సిగరెట్ అలవాటు ఉంటే కనీసం మూడు నాలుగు రోజులు మానాల్సిందే, వీలైతే వారం. గుట్కా, పాన్ కూడా వద్దు. మరుసటి రోజు నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి మెల్లగా వదిలేయండి. నొప్పిగా ఉందని ఇంట్లోవాళ్లు లవంగ నూనె వేయమంటారు. డాక్టర్ పెట్టే మందులోనూ లవంగంలోని యూజినాల్ ఉంటుంది, నిజమే, కానీ ఇంట్లో నేరుగా పోస్తే పుండు కాలుతుంది.

సెలవు కూడా ఖర్చే. వాపు మొదటి రోజు కాదు, రెండు మూడు రోజులకు ఎక్కువవుతుంది. శుక్రవారం తీయించుకుని సోమవారం ఆఫీసుకు వెళ్తానని ప్లాన్ వేసుకున్నాను. సోమవారం నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోలేదు, ఫోన్‌లో మాట్లాడలేకపోయాను. మిగిలిన సెలవులు లేక రెండు రోజుల జీతం కోత పడింది. పాఠాలు చెప్పేవాళ్లు, కాల్ సెంటర్‌లో చేసేవాళ్లు, దుకాణం నడిపేవాళ్లు అయిదు రోజులు పక్కన పెట్టుకోండి. రోజుకూలీ మీద బతికేవాళ్లకైతే డాక్టర్ ఫీజు కంటే ఇదే పెద్ద దెబ్బ. పరీక్షల ముందు, పెళ్లి ముందు, సంక్రాంతి వారంలో పెట్టుకోవద్దు. ఇంటినిండా సకినాలు, జంతికలు, అరిసెలు ఉంటే పెరుగన్నంతో సరిపెట్టుకోవడం కష్టం.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చి నాలుగు రోజులు ఉంది. ఆమె లేకపోతే నా గతి ఏమయ్యేదో. ఒంటరిగా హాస్టల్లో ఉండేవాళ్లు ముందురోజే సరుకులు తెచ్చిపెట్టుకోండి: పెరుగు, అరటిపళ్లు, రాగి పిండి, ఇడ్లీ పిండి, ఐస్. బయటి నుంచి తెప్పించుకుంటే కారం లేనిది దొరకడం కష్టం, దానికయ్యే ఖర్చూ ఎక్కువే. రాగిజావ చల్లార్చి తాగండి. అన్నం మెత్తగా పిసికి తినండి, లేదంటే మెతుకులు గుంతలో ఇరుక్కుంటాయి. మొదటి రోజు చెంప మీద గుడ్డలో చుట్టిన ఐస్ పది పదిహేను నిమిషాలు పెట్టి, కాసేపు తీసి, మళ్లీ పెట్టండి.

మత్తు ఇంజెక్షన్ తిమ్మిరి పూర్తిగా వదలకముందే నొప్పి మాత్ర వేసుకోండి, ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే మద్యం తాగొద్దు. షుగర్, బీపీ, ఆస్తమా, గర్భం, గుండెకు రక్తం పలచబరిచే మాత్రలు, వీటిలో ఏదున్నా ముందే చెప్పండి. ఆ పలచబరిచే మాత్రలను సొంతంగా ఆపకండి.

ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోకండి. మన దగ్గర చాలా ఆరోగ్య పాలసీలు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల వైద్యానికి డబ్బివ్వవు, మీ కాగితం తీసి చదవండి. స్తోమత లేనివాళ్లకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. క్యూలో ఉండాలి, రెండు మూడుసార్లు తిరగాలి, ఆ రోజులకూ సెలవు లెక్క వేసుకోండి. ఆగస్టులో అమెరికా చదువుకు వెళ్లే పిల్లలు కనీసం రెండు నెలల ముందే పళ్లు చూపించుకోవాలి. అక్కడి విద్యార్థి ఇన్సూరెన్స్‌లో పళ్లు చాలాసార్లు కలవవు. వీసా హడావిడిలో చివరి వారానికి వాయిదా వేసి, కుట్లతో విమానం ఎక్కకండి.

క్లినిక్ నుంచి బయటికి వచ్చేముందు రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో నంబర్ తీసుకోండి. దూది కొరికి అరగంట గట్టిగా నొక్కినా రక్తం ఆగకపోయినా, జ్వరం పెరుగుతున్నా, తగ్గిన వాపు మళ్లీ మొదలైనా ఆ నంబర్‌కు చేయండి. వాపు మెడ కిందికి దిగుతున్నా, మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమైనా ఫోన్లతో సమయం పోగొట్టకుండా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.