నవల రాయడానికి ఏ సాఫ్ట్‌వేర్? ముందు మన లిపితో పరీక్ష పెట్టండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో కూర్చుని నవల రాస్తున్నాను. నా పాత్రలు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడతాయి. అందుకే ఏ సాఫ్ట్‌వేరైనా ముందు దాని హంగులు చూడను. రెండు లిపుల్లోనూ ఒక్కో పేరా అతికించి, మా నది పేరు 'మహేంద్రతనయ' అని వెతుకుతాను. దొరికితేనే తర్వాతి మాట. డీటీపీ వాళ్ల దగ్గర అను ఫాంట్లలో కొట్టించిన పాత కథలుంటే ముందే యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ చదవగలిగే అక్షర పద్ధతిలోకి) మార్చుకోండి, లేకపోతే వెతుకులాటకు చిక్కవు. మార్చాక ఒత్తులు ఓసారి సరిచూసుకోండి.

పైసా ఖర్చు వద్దంటే లిబ్రే ఆఫీస్ రైటర్ చాలు. ప్రతి అధ్యాయం పేరుకీ 'హెడింగ్ 1' స్టైల్ ఇచ్చి ఎఫ్5 నొక్కండి. నావిగేటర్‌లో అధ్యాయాలు వరసగా కనిపిస్తాయి. ఏడో అధ్యాయాన్ని పట్టుకుని మూడోదాని ముందుకి లాగితే లోపలి కథంతా దాంతోపాటే వచ్చేస్తుంది. కాపీ, పేస్ట్ తలనొప్పి ఉండదు.

స్క్రివెనర్ అనే రాత సాఫ్ట్‌వేర్‌లో సీన్లని అట్టముక్కల్లా బోర్డు మీద పరుచుకోవచ్చు. ఒకసారి కొంటే చాలు, నెలనెలా కట్టక్కర్లేదు. కానీ ఆండ్రాయిడ్‌లో లేదు. గుణుపురం రైల్లో ఫోన్‌లో రాసుకునే నాలాంటివాళ్లకి అదే ఇబ్బంది.

మాకు ఫోన్‌లోనూ పనిచేసే నోట్సు యాప్ ఆబ్సిడియన్ నయం. నోట్సు మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా మన ఫోల్డర్‌లోనే ఉంటాయి, సిగ్నల్ పోయినా పని ఆగదు. పాత్ర పేరుకి రెండు వైపులా జంట చదరపు బ్రాకెట్లు పెడితే ఆమె వయసు, ఊరు, మేనమామ ఎవరు అన్నీ రాసుకున్న పేజీకి లింకు పడుతుంది. ఈ లింకులన్నీ బొమ్మగా చూపించే గ్రాఫ్ జోలికి మాత్రం పోకండి, దాన్నే చూస్తూ కూర్చుంటే రాత సాగదు. ఏది ఎంచుకున్నా వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయండి.