ఇష్టంలేని పనిలో రుచి – నాలుగో పాఠం: కుర్చీ మీది బట్టల కుప్ప

పనికి ఉపక్రమించే తొలి రెండు నిమిషాల గురించి గత పాఠంలో చెప్పుకున్నాం. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపడం, తొందరపాటును అదుపు చేసుకోవడం కష్టమయ్యే స్థితి) ఉన్న మనలాంటివారికి ఉపక్రమించాక సగంలో చల్లారిపోయే ఉత్సాహాన్ని నిలుపుకోవడం ఈ వారం అభ్యాసం.

"ఇష్టమైన దానికైతే గంటలకొద్దీ కూర్చుంటావు, నాలుగు బట్టలు మడతపెట్టడానికి ఏమొచ్చింది?" అన్న మాట ఏడీహెచ్‌డీ ఉన్న ప్రతివారూ ఇంట్లో వినే ఉంటారు. అందులో నింద ఉన్నా, గమనింపు మాత్రం సరైనదే. ఏకాగ్రత మన దగ్గర ఉంటుంది, పిలిచిన చోటికి రాదు. ప్రతిఫలం ఆలస్యమయ్యేకొద్దీ దాని విలువ ఎవరి మనసులోనైనా తగ్గుతుంది గాని, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో అది మరింత త్వరగా పడిపోతుంది. మెదడు పరిశోధకురాలు నోరా వోల్కో బృందం 2009లో ప్రచురించిన మెదడు చిత్రీకరణ అధ్యయనంలో, ఈ సమస్య ఉన్న పెద్దల్లో ప్రతిఫలానికి సంబంధించిన భాగాలలో డోపమైన్ (ప్రేరణకు తోడ్పడే మెదడు రసాయనం) గ్రాహకాలు, అంటే దాన్ని అందుకునే అణువులు, తక్కువగా కనిపించాయి. కాబట్టి రేపు బీరువా సర్ది ఉంటుందన్న ఆశ ఈ రోజు మన చేతులను కదిలించదు. కదిలించేదేదో పని జరుగుతున్నప్పుడే అందాలి.

మనుషుల ప్రవర్తనను పరిశోధించే కేథరిన్ మిల్క్‌మన్ బృందం అమెరికాలో చేసి, 2014లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. అది ఏడీహెచ్‌డీ కోసం చేసినది కాదు. ఉత్కంఠ రేపే శ్రవణ పుస్తకాలను వ్యాయామశాలలో మాత్రమే వినగలిగేలా ఏర్పాటు చేస్తే, మొదట్లో అక్కడికి రాకపోకలు పెరిగాయి. కొన్ని వారాలకు ఆ ప్రభావం సన్నగిల్లింది. ఈ రెండో సగాన్ని చాలామంది చెప్పరు, మనకు అదే ముఖ్యం.

మా ఇంట్లో ఒక కుర్చీ ఉంది, దాని మీద మనిషి కూర్చుని చాలాకాలమైంది. ఉతికిన బట్టలన్నీ అక్కడే చేరతాయి. ఒక సాయంత్రం ఆ కుప్పను చూసి, ఎంతసేపు పడుతుందో ఊహించి చీటీ మీద నలభై నిమిషాలని రాసుకున్నాను. ముందు తువ్వాళ్లు, తరువాత చొక్కాలు, గంజి పెట్టిన నేత చీర ఒకటి (దాని అంచులు కలపడానికే రెండు ప్రయత్నాలు), చివరకు జత దొరకని మేజోడు. గడియారం చూస్తే పదకొండు నిమిషాలు! కాలాన్ని అంచనా వేయడంలో మనకున్న బలహీనతే పందెంగా మారింది. మర్నాడు ఆ పందెం గెలవాలనే ఆత్రంతోనే కుర్చీ దగ్గరికి వెళ్లాను.

మీరు కూడా రోజూ ఎదురయ్యే పని ఒక్కటే ఎంచుకోండి. అంట్లు తోమడమైనా, రసీదులు సర్దడమైనా సరే. పట్టే సమయాన్ని ముందుగా చీటీ మీద రాసి, పని ముగిశాక అసలు సమయాన్ని పక్కనే వేయండి. ఆ పనిలో ఉన్నంతసేపే వినే ధారావాహికనో పాటలనో కేటాయించుకుని, మిగతా వేళల్లో వాటి జోలికి వెళ్లకండి. వైద్యుల సూచనపై మందులు వాడుతున్నవారు వాటిని యథాతథంగా కొనసాగించాలి, ఈ అభ్యాసం వాటికి బదులు కాదు.

నాలుగైదు రోజులకు పందెం చప్పబడుతుంది. అప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా ఎడమ చేత్తో మడతపెట్టడమో, పాట ముగిసేలోగా ఎన్ని చొక్కాలవుతాయో లెక్కించడమో మొదలుపెట్టండి. ఏ రోజున ఏది చప్పబడిందో చీటీలో రాయండి. వచ్చే వారం పాఠానికి ఆ చీటీ దగ్గర ఉండాలి.