లక్క రికార్డును కడగడం ఎలా?

హైదరాబాదులోని జుమ్మెరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో పాత 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాటల రికార్డు దొరికిందా? ఇంటికి రాగానే ప్లేయరు మీద పెట్టకండి. గాడుల్లో పేరుకున్న దుమ్ము ముల్లు కింద నలిగి ఆకురాయిలా పాటను అరగదీస్తుంది.

డిస్టిల్డ్ వాటరు, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క, మెత్తని బ్రష్షు, ఉతికిన పాత ధోవతి ముక్కలు రెండు చాలు. బోరు నీళ్లు వద్దు, ఆరాక గాడుల్లో తెల్లగా ఉప్పు మిగులుతుంది. పెట్రోలు బంకులో బ్యాటరీ కోసం అమ్మే నీళ్లు తెచ్చుకోండి. ముందు పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి.

ఇక్కడ ఆగి, మీ చేతిలో ఉన్నది ఎల్పీయా (వినైల్ ప్లాస్టిక్‌తో చేసిన, తర్వాతి కాలపు రికార్డు), లక్క రికార్డా చూసుకోండి. బరువుగా, వంగకుండా ఉండి, లేబుల్ మీద 78 అని ఉంటే దాదాపు ఖాయంగా లక్కే. దానికి స్పిరిట్ తగలకూడదు. చెక్క సామాను పాలిష్ చేసేవారు లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే కదా! అయినా ఎల్పీలను స్పిరిట్‌తో తుడవమనే చిట్కా చూసి శానిటైజరు, టించరు పూసేస్తున్నారు. తుడిచిన గుడ్డ నల్లబడితే మురికి వదిలిందని సంబరపడతారు. వదిలింది మురికి ఒక్కటే కాదు, పాట కూడా. గాడుల అంచులు కరిగి, నిగనిగలాడే రికార్డు మీద బూడిదరంగు చారలు పడతాయి. వాటిని పోగొట్టే ఉపాయం లేదు. సీసా మీద ‘రికార్డు క్లీనర్’ అని ఉన్నా, అందులో ఆల్కహాల్ ఉందేమో చదివి చూడండి. జిగురు పూసి ఒలిచే పద్ధతి అసలే వద్దు, లక్క పెళుసు.

నీళ్లలో నానబెట్టడమూ తప్పే. సబ్బు చుక్క కలిపిన డిస్టిల్డ్ వాటరుతో గుడ్డ తడిపి, గట్టిగా పిండి, లేబుల్‌కు తడి తగలకుండా గాడుల వెంట గుండ్రంగా తుడవండి, అడ్డంగా రుద్దకండి. వెంటనే సబ్బు లేని తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడవాలి.

నీడలో, ఫ్యాను కింద నిలువుగా ఆరనివ్వండి. మన ఎండలో పెడితే వంకర తిరుగుతుంది.

ఎల్పీ ముల్లుతో వినకండి. 78 గాడి వెడల్పు, సన్న ముల్లు అడుక్కి జారి పాట కంటే బరబరే ఎక్కువ వినిపిస్తుంది. దాదాపు 75 మైక్రాన్ల కొన ఉన్న ముల్లు కావాలి. కీ ఇచ్చే గ్రామఫోనైతే ఒక్కో వైపుకు ఒక్కో కొత్త ఉక్కు ముల్లు వాడండి.