కతోలిక ఇంట్లో ఇస్లాం చరిత్ర: నేను చెప్పే పద్ధతి

మేముండేది నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో, బాసర పక్కనే. బజార్లో మరాఠీ, పక్కింట్లో ఉర్దూ, మా ఇంట్లో తెలుగు. పెళ్లికి ముందు బడిలో సోషల్ చెప్పేదాన్ని. ఇప్పుడు నా పిల్లలిద్దరికీ ఇంట్లోనే చెబుతున్నాను. పెద్దవాడు ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) పదో తరగతికి తయారవుతున్నాడు, చిన్నదానికి తొమ్మిదేళ్లు. ఇంట్లో చదివించే కతోలిక తల్లులు ఫోన్ చేసినప్పుడు తరచూ అడిగే మాట ఒకటుంది: "అక్కా, ఇస్లాం సంగతి ఎలా చెబుతున్నావ్? దాటేస్తే పోదా?" మనం దాటేస్తే పిల్లలు దాన్ని వాట్సాప్‌లో నేర్చుకుంటారు. అంతకన్నా మనమే చెప్పడం నయం.

నాకు ఒక కొలత ఉంది. పిల్లలు రాసిన పాఠాన్ని పక్కింటి ముస్లిం అక్క, మేం ఆపా అంటాం, మా ఇంట్లో కూర్చున్నప్పుడు గట్టిగా చదివించినా నేను తలవంచుకోవాల్సిన పని ఉండకూడదు. అదే పాఠం మా విచారణ గురువులు చదివినా "మన విశ్వాసం ఎక్కడ పోయిందమ్మా?" అని అడక్కూడదు.

మొదటి పాఠానికి పుస్తకం అక్కర్లేదు, రెండు క్యాలెండర్లు చాలు: మన గుడిలో ఇచ్చినది ఒకటి, ఉర్దూ క్యాలెండర్ ఒకటి. పక్కపక్కన పరిచి, ఈ ఏడాది రంజాన్ ఎప్పుడు మొదలైందో, పోయిన ఏడాది ఎప్పుడు మొదలైందో వెతకమనండి. దాదాపు పదకొండు రోజులు ముందుకొచ్చినట్టు వాళ్లకే తెలుస్తుంది. హిజ్రీ ఏడాది చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, అందులో 354 లేదా 355 రోజులే. అప్పుడు మన ఈస్టర్ తేదీ ఎందుకు మారుతుందో కూడా అడగండి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారం ఈస్టర్. మనకూ చంద్రుడితో పనుందని తెలిసి మా చిన్నది కాసేపు ఆ క్యాలెండర్ వదల్లేదు. పెద్ద పిల్లలకు లెక్క ఇవ్వండి: మన సంవత్సరంలోంచి 622 తీసేసి, 33తో గుణించి, 32తో భాగిస్తే హిజ్రీ సంవత్సరం వస్తుంది, ఒక ఏడాది అటూ ఇటూగా. 622 ఎందుకు తీసేయాలని వాళ్లే అడుగుతారు. మహమ్మద్ ప్రవక్త మక్కా వదిలి మదీనాకు వెళ్లిన ఏడాది అది అని చెప్పి, అక్కణ్ణుంచి కథలోకి దిగొచ్చు.

ప్రవక్త జీవితం చిన్నపిల్లలకు నాలుగు తేదీల్లో సరిపోతుంది: 570 ప్రాంతంలో పుట్టుక, 610లో హిరా గుహలో తొలి దైవసందేశం, 622లో హిజ్రత్ (ఆ మదీనా ప్రయాణం), 632లో మరణం. ఒక్క ఘట్టం మాత్రం నిదానంగా చెప్పండి. మక్కాలో వేధింపులు తట్టుకోలేక తొలి ముస్లింలలో కొందరు సముద్రం దాటి అబిసీనియాకు, అంటే ఇప్పటి ఇథియోపియా వైపు వెళ్లారు. వాళ్లకు ఆశ్రయమిచ్చిన రాజు క్రైస్తవుడు. ఖురాన్‌లో మరియమ్మ గురించిన భాగాన్ని ఆయన సభలో చదివి వినిపించారని ముస్లింల సంప్రదాయ కథనం. ఆపాకు ఈ కథ కంఠతా వచ్చు, నాకంటే బాగా చెబుతుంది. మీ పక్కనా అలాంటి మనిషి ఉంటే ఆ పూట పాఠం ఆవిడకే అప్పగించండి.

పిల్లలు చార్టులో బొమ్మలు వేస్తారు కదా, ప్రవక్త బొమ్మ మాత్రం వేయించకండి, పేరు రాస్తే చాలు. ఆటకని నమాజు చేయించడం కూడా వద్దు. మన దివ్యబలి పూజను ఎవరైనా ఆటగా ఆడితే మనకెలా ఉంటుంది?

విశ్వాసంలో తేడాల దగ్గర నీళ్లు నమలకండి. "వాళ్లు యేసును నమ్ముతారా?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. వాళ్లు ఈసా అంటారు, ప్రవక్తగా గౌరవిస్తారు, కన్య మరియమ్మకు పుట్టాడని నమ్ముతారు. దేవుని కుమారుడని ఒప్పుకోరు, త్రిత్వాన్ని ఒప్పుకోరు, సిలువ మీద చనిపోయాడనీ ఒప్పుకోరు. మనం ఇవన్నీ నమ్ముతాం. ఇంత సూటిగా చెప్పాక, రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబర్ 28న వెలువరించిన ‘నోస్త్రా అయెతాతే’ ప్రకటనలో మూడో భాగం చదవండి. ముస్లింలను శ్రీసభ గౌరవంతో చూస్తుందని, వాళ్లు ఒక్క దేవుణ్ణే ఆరాధిస్తారని అందులో ఉంది. గతంలోని గొడవలు పక్కనపెట్టి ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి ప్రయత్నించమని కూడా ఉంది. చిన్న భాగమే, తొమ్మిదేళ్ల పిల్లకైనా అందుతుంది.

తర్వాత వచ్చే వందేళ్లు మన పిల్లలకు కాస్త కష్టంగా ఉంటాయి. సిరియా, ఈజిప్టు, ఉత్తర ఆఫ్రికా ఖలీఫాల, అంటే ప్రవక్త తర్వాతి ముస్లిం పాలకుల కిందికి వెళ్లాయి. అవి క్రైస్తవ దేశాలు, పునీత అగస్టీన్ గారి హిప్పో పట్టణం కూడా అక్కడిదే. యుద్ధాలు జరిగాయి, ముస్లిమేతరులు జిజియా పన్ను కట్టారు. అది దాచొద్దు. అలాగే యెరూషలేము లొంగిపోయినప్పుడు ఖలీఫా ఉమర్ పవిత్ర సమాధి దేవాలయం లోపల నమాజు చేయనన్నాడని, చేస్తే తనవాళ్లు దాన్ని మసీదు చేసుకుంటారని అన్నాడని ఒక క్రైస్తవ చరిత్రకారుడే తర్వాత రాశాడు. దాన్నీ చెప్పండి.

నాకు బాగా ఇష్టమైన పాఠం పునీత దమస్కు యోహాను గారిది. ఆయన కుటుంబం దమస్కులో ఉమయ్యద్ ఖలీఫాల కొలువులో పనిచేసింది. అదే కాలంలో కాన్‌స్టాంటినోపుల్‌లోని క్రైస్తవ చక్రవర్తి మూడో లియో గుళ్లలో పవిత్ర చిత్రాలు ఉండకూడదన్నాడు. ఆ చిత్రాలను గౌరవించడం తప్పు కాదని యోహాను గారు గట్టిగా రాశారు. ఆయన ఉన్నది ఖలీఫా రాజ్యంలో కాబట్టి చక్రవర్తి చేయి అక్కడిదాకా చేరలేదు. ఇస్లాం బోధను తప్పని రాసిందీ ఆయనే. ఇది చెప్పేటప్పుడు మా ఇంటి గూట్లో ఉన్న మరియమాత పటం ముందు పిల్లల్ని కూర్చోబెడతాను. అప్పుడు పెద్దవాడు అడిగాడు, "అంటే ఈ పటం మనింట్లో ఉండటానికి ఖలీఫా కూడా కారణమా, అమ్మా?" అని. కొంతవరకు అవును అన్నాను.

బాగ్దాద్‌కు ఒక పూట చాలు: 762లో కట్టారు, 1258లో మంగోలులు నాశనం చేశారు, మధ్యలో హునైన్ ఇబ్న్ ఇస్హాక్ అనే క్రైస్తవుడు గ్రీకు వైద్య గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చాడు. కర్బలాకు మాత్రం మా వైపు పాఠమే అక్కర్లేదు. పల్లెల్లో పీర్లు లేచే రోజున పిల్లల్ని తీసుకెళ్లి, ఆ పీర్లు ఎవరి జ్ఞాపకమో అడగండి. 680లో ప్రవక్త మనవడు హుస్సేన్ కర్బలాలో చనిపోవడం, షియా సున్నీల చీలిక, అన్నీ అక్కడే వివరించొచ్చు.

క్రూసేడుల దగ్గర, అంటే యెరూషలేము కోసం క్రైస్తవులు చేసిన యుద్ధాల దగ్గర, మన పుస్తకాలు కొన్ని చప్పట్లు కొడతాయి. 1099లో క్రూసేడర్లు యెరూషలేములో ముస్లింలనూ యూదులనూ ఊచకోత కోశారని, 1204లో సాటి క్రైస్తవుల కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకున్నారని కూడా చార్టు మీద రాయించండి. వాటి పక్కనే 1219 రాయించండి: ఈజిప్టులో యుద్ధం జరుగుతుండగా పునీత ఫ్రాన్సిస్ అస్సీసి ఆయుధం లేకుండా వెళ్లి సుల్తాన్ అల్-కామిల్‌ను కలిశారు. సుల్తాన్ ఆయన్ని క్షేమంగా తిరిగి పంపించాడు. అక్టోబర్ 7న జపమాల మాత పండుగ ఒట్టోమన్ తుర్కులతో 1571లో జరిగిన లెపాంటో ఓడల యుద్ధం నుంచి వచ్చిందని ఎలాగూ చెబుతాం. ఆ ఓడల్లో తెడ్లు వేసిన బానిసలు రెండు వైపులా ఉన్నారని కూడా చెప్పండి.

ఇక మన దక్కన్. దెగ్లూర్ మీదుగా బీదర్ పోయి బహమనీ సుల్తాన్ల మంత్రి మహమూద్ గవాన్ కట్టించిన మదరసా చూపించండి. 1472 నాటిది, సగం కూలిపోయినా నీలి పలకలు ఇంకా కనిపిస్తాయి. దొంగ ఉత్తరం సృష్టించి సుల్తాన్ చేత ఆయన్ని 1481లో చంపించిన కథ పిల్లలు మర్చిపోరు. ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడని పొగిడారని, అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడని చెబితే, గోల్కొండ రాజులు పిల్లలకు పరాయివాళ్లు కారు.

ఆఖరుది 1948. దీన్ని చిన్నవాళ్లకు చెప్పను, పద్నాలుగేళ్లు రావాలి. నిజాం పాలన పోయిన రోజని సెప్టెంబర్ 17న మరాఠ్వాడా అంతా జెండా ఎగరేస్తుంది. ఖాసిం రజ్వీ లాతూర్‌లో వకీలు. అతని రజాకార్ల దౌర్జన్యాలు మా అత్తగారి తరం వాళ్లకు నోటికొచ్చు. రజాకార్లను ఎదిరిస్తూ రాసిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమేనని, ఆ ఆగస్టులోనే ఆయన్ని చంపేశారని తప్పక చెప్పండి. భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన పోలీస్ చర్య తర్వాత ముస్లింల మీద జరిగిందీ చెప్పాలి. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో మా నాందేడ్ ఒకటి. ఈ రెండు సంగతులూ ఒకే పూట చెప్పండి. ఒకటి ఇవాళ, ఒకటి రేపు అనుకుంటే రేపటిది ఉండిపోతుంది.

ఆ తర్వాత వీలైతే ఆ రెండు వైపులవాళ్ల ఇళ్లలోని పెద్దవాళ్ల దగ్గరికి పిల్లల్ని పంపి, విన్నది రాసుకోమనండి. మధ్యలో ప్రశ్నలు వేయొద్దని, వాదించొద్దని ముందే చెప్పండి. ఆ నోట్సులో మనుషుల పేర్లు, ఇంటి గుర్తులు రాయనివ్వకండి. ఆ నోట్‌బుక్ మిగతావాటిలా షెల్ఫులో పెట్టను, బీరువాలో పెడతాను.